సోడా అత్త ఉతికిన పత్తి

ఆసుపత్రి నుంచి నలభై రెండు దుప్పట్లు వెనక్కి వచ్చిన రోజున లాండ్రీలో ఎవరూ సోడా అత్త ముఖం వంక చూడలేదు. ఎవరి తొట్టి వంక వాళ్లు చూసుకున్నారు. తొట్టిలో నురగ తప్ప చూడ్డానికేముంది? అయినా కన్నార్పకుండా దాన్నే చూశారు.

ప్రతి దుప్పటి మీదా మరక ఉంది. ఒకదాని మీద బొత్తాం అంత, ఇంకోదాని మీద అరచేయంత. దొంగ మరక అది. తడి బట్ట మీద కనపడదు, ఆరిన బట్ట మీదా కనపడదు. ఇస్త్రీ పెట్టె వేడి తగిలాక, ఇక మడతపెట్టి పంపడమే అనుకునే వేళకి, గోధుమ రంగులో తాపీగా పైకి తేలుతుంది. రోగి పడుకునే దుప్పటి మీద గోధుమ రంగు మరక చూసినవాడు ఏమనుకుంటాడో వేరే చెప్పాలా?

సోడా అత్త ఆ లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లుగా మొదటి తొట్టి మనిషి. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. అక్కణ్ణించి అది ఎప్పుడూ బయటికి రాలేదు. ఏ బట్టకి ఎంత సోడా వేయాలో తూకం లేకుండా గుప్పెటతో చెప్పేస్తుంది గనక సోడా అత్త. వరసలతో పని లేదు, అందరికీ అత్తే. యజమానికి కూడా. అతను నిక్కర్లు వేసుకునే రోజుల్లో ఆ నిక్కర్లు ఉతికింది ఆమే. తండ్రి తర్వాత లాండ్రీ అతని చేతికొచ్చి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో అతను కొన్న కొత్త వస్తువు ఒకటే, తన గదిలో తిరిగే కుర్చీ. ఆ రోజు ఆ కుర్చీలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి అప్పుడు నోరు విప్పాడు.

“అత్తా, కళ్లు ఎప్పుడు చూపించుకున్నావు?”

“నా కళ్లకేం? నీ చొక్కా మూడో బొత్తాం వేరే రంగు దారంతో కుట్టారు. గుమ్మంలోంచే కనపడింది.”

యజమాని మూడో బొత్తాం మీద చెయ్యి వేసుకున్నాడు. “అది కాదు. ఆసుపత్రి స్టోర్‌కీపర్ శుక్రవారం స్వయంగా వస్తున్నాడు. ఇంకొక్క మరక కనపడిందంటే దుప్పట్లు వేరే లాండ్రీకి వెళ్లిపోతాయి.”

“మరక నా చేతిది కాదు బాబూ. నీళ్లది. నీళ్లలో నూనె వస్తోంది.”

“కాలువ నీళ్లు మా నాన్న రోజుల నుంచీ అవే.”

“నీళ్లు అవే. పైన షెడ్లు అవే కాదు.”

“సరే, శుక్రవారం దాకా చూద్దాం. ఆ తర్వాత నువ్వు మడతల గదిలో కూర్చుందువుగాని. ఫ్యాన్ ఉంది, కుర్చీ ఉంది. జీతం తగ్గించను. పెద్దదానివయ్యావు కదా.”

పని తగ్గించి జీతం తగ్గించనంటే ఎవరైనా రెండు చేతులూ జోడిస్తారు. సోడా అత్తకి తల తీసేసినట్టయింది. దుప్పట్లు పోతే తొమ్మిది తొట్లలో ఐదు ఎండిపోతాయి, అది లాండ్రీ బాధ. ఆమె బాధ వేరు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత ఉతకడం చేతకాని మనిషి అనిపించుకుని ఫ్యాను కింద కూర్చోవాలి. మడతల గదిలో అప్పటికే ఇద్దరున్నారు. ఒకామె నడుం పట్టేసి వచ్చింది, ఇంకొకామె చెయ్యి విరిగి వచ్చింది. తను ఏం విరిగి వచ్చిందని చెప్పుకోవాలి?

నూనె ఎక్కడిదో సోడా అత్తకి తెలుసు. లాండ్రీ వెనక పెరట్లో సిమెంటు తొట్టి ఒకటుంది, గది అంత. కాలువలోంచి పైపు ద్వారా నీళ్లు దాంట్లోకి వచ్చి, అక్కణ్ణించి ఉతికే తొట్లలోకి వెళతాయి. కాలువ లాండ్రీకి రాకముందు లారీలు బాగుచేసే షెడ్ల వెనక నుంచి వస్తుంది. షెడ్లు మూడున్నంతకాలం ఏ గొడవా లేదు. ఏడాది కింద నాలుగోది, పెద్దది, లేచింది. అప్పటినుంచి సిమెంటు తొట్టి మీద పొద్దున్నే ఒక పొర. ఎండ పడితే దాని మీద నెమలి మెడలో ఉండే రంగులన్నీ ఆడతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. బట్టకంటితేనే దాని అసలు రంగు తెలిసేది. డబ్బాతో తీద్దామంటే డబ్బాలోకి నీళ్లొస్తాయి గానీ నూనె పక్కకి జరిగి నిలబడుతుంది. తొట్టి అడుగంటే వేళకి ఆ పొరంతా పైపులోకి జారి దుప్పట్లకి అంటుతుంది.

ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పురపాలక ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టించింది. మూడింటికీ జవాబు వచ్చింది. మొదటి జవాబు ‘పరిశీలనలో ఉన్నది’. రెండో జవాబు ‘ఇంకనూ పరిశీలనలో ఉన్నది’. మూడో జవాబు మొదటిదే, తారీఖు మార్చి. వీళ్లు పరిశీలించేది కాగితాన్ని. కాలువ ఆఫీసుకి నాలుగు వీధుల దూరంలో ఉంది, కాగితం బల్ల మీదే ఉంది, ఏది దగ్గరైతే దాన్నే పరిశీలిస్తారు. ఈ లోకంలో మరక వేసేవాణ్ణి ఎవడూ అడగడు, ఉతికేవాళ్లనే అడుగుతాడు. ఇది రాయడానికి నాకు చదువు అక్కర్లేదు, వినడానికి వాళ్లకీ అక్కర్లేదు, అయినా వినరు.

సోమవారం సోడా అత్త నాలుగో షెడ్డుకి తనే వెళ్లింది. మేస్త్రి ఒక లారీ కిందనుంచి వీపు మీద జారుతూ బయటికి వచ్చాడు. ఒళ్లంతా నూనె. కనుబొమల మీద కూడా.

“నూనా? మా షెడ్డులోనా?” అన్నాడు. “అత్తా, మా దగ్గర చుక్క కిందపడదు. పడనివ్వను. నా పద్ధతి అది.”

“నీ చెప్పుల కిందేంటది?”

మేస్త్రి చెప్పు తిప్పి చూసుకున్నాడు. “తడి.”

“తడి అయితే జారదు. అడుగు తీసి అడుగు వెయ్యి చూద్దాం.”

మేస్త్రి అడుగు వేయలేదు. మళ్లీ లారీ కిందికి వెళ్లిపోయాడు. అక్కణ్ణించి గొంతు మాత్రం వచ్చింది, “కాలువ మీద నాలుగు షెడ్లున్నాయి. ఏ చుక్క మీద ఎవరి పేరుందో చదివి చెప్పు, అప్పుడు మాట్లాడదాం.”

మంగళవారం మధ్యాహ్నం ఆమె మేనకోడలు వచ్చింది. అన్న కూతురు, ముప్పై దాటిన మనిషి, రోడ్డు అవతల పత్తి మిల్లులో ఊడ్చే పని. మిల్లులో గింజ తీసేటప్పుడు రాలిన పొట్టి పీచు, ఆకు ముక్కలు, కాయ పెంకులు, దుమ్ము, అన్నీ కలిసి నేల మీద పరుచుకుంటే ఊడ్చి వెనక కుప్ప పోయడం. దారానికి పనికిరాదు, పరుపుకి పనికిరాదు, ఎవరికీ అక్కర్లేదు, కుప్ప మాత్రం రోజూ పెరుగుతుంది. ఆ కుప్పలో సగం మేనకోడలి ఒంటిమీదే ఉంటుంది. తలగుడ్డ నిండా పీచు, కనురెప్పల మీద కూడా పీచు. భోజనం డబ్బా పట్టుకుని రోజూ అత్త దగ్గరికే వస్తుంది, రోజూ గుమ్మంలోనే ఆగుతుంది, ఎందుకంటే దులపకుండా లోపలికి రానివ్వదు అత్త.

“ఆగక్కడ. తిరుగు,” అంటూ సోడా అత్త ఆమెని సిమెంటు తొట్టి పక్కకి లాగి, తడి తువ్వాలుతో వీపు మీద నాలుగు తగిలించింది.

“మెల్లగా అత్తా. నేను దుప్పటిని కాదు.”

“దుప్పటైతే ఈపాటికి తెల్లబడేది.”

పిడికెడు పీచు ముద్ద తలగుడ్డలోంచి ఎగిరి తొట్టిలో పడింది. నీళ్లలో చెత్త వేశావని సోడా అత్త ఒంటికాలి మీద లేచింది. తిట్టి తిట్టి, తిట్టు మధ్యలో ఆగిపోయింది. ముద్ద మునగలేదు. తేలుతోంది. అంచుల నుంచి నల్లబడుతోంది. దాని చుట్టూ పళ్లెమంత మేర నెమలి రంగులు లేవు. తొట్టి అడుగున సిమెంటు కనపడుతోంది.

“ఇదేం చేస్తోందే?”

“నూనె తాగుతోంది,” అంది మేనకోడలు, చెంబు నీళ్లతో చేతులు కడుక్కుంటూ. “మిల్లులో మెషిను కింద నూనె కారితే మేం ఇదే వేసి కాలితో తొక్కుతాం. నేల ఆరిపోతుంది. నీకు తెలీదా?”

“నాకెవరు చెప్పారు?”

“నువ్వు నన్ను గుమ్మం దాటనిస్తే కదా చెప్పడానికి.”

ఆ రోజు మేనకోడలు మళ్లీ మిల్లుకి వెళ్లి రెండు గుప్పెళ్లు పట్టుకొచ్చింది. బకెట్లో తొట్టి నీళ్లు పోసి, పైన పీచు చల్లి, చెంబెడు వేడినీళ్లు చల్లారేంత సేపు ఆగి తీసేశారు. బకెట్లో నీళ్లు తాగేలా ఉన్నాయి. సోడా అత్త అందులో చేతిరుమాలు ముంచి, పిండి, ఇస్త్రీ చేసి చూసింది. ఎంత చూసినా మరక లేదు. ఇస్త్రీ బల్ల మీద రుమాలు పరిచి దాని ముందు అలా నిలబడిపోయింది.

యజమాని ముందు ఒప్పుకోలేదు. “ఆసుపత్రి దుప్పట్లు ఉతికే నీళ్లలో మిల్లు చెత్త వేస్తావా? స్టోర్‌కీపర్ చూస్తే?”

“చూడాలనే కదా వేసేది.”

రుమాలు చూపించాక మెత్తబడ్డాడు. “శుక్రవారం అతని ముందే చెయ్యి. నాలుగో షెడ్డు మేస్త్రిని కూడా పిలుస్తాను. వాడి మీద చెప్పేది వాడి ముందే చెప్పు. అయితే అయింది, లేకపోతే మడతల గది.”

గురువారం పొద్దున మేనకోడలు రెండు బస్తాలు తోపుడుబండి మీద తెచ్చి పెరట్లో దించింది. “రేపు భోజనం బెల్లుకి వస్తాను. మేజోళ్లు ఉతికే వలసంచులున్నాయిగా, వాటిలో కూరి నీళ్ల మీద వదులుదాం. తీయడం తేలిక. నేను వచ్చేదాకా ఏం ముట్టుకోకు,” అని చెప్పి పరుగున వెళ్లిపోయింది.

సోడా అత్త ముట్టుకోలేదు. ఒక గంట ముట్టుకోలేదు. ఆ తర్వాత ఏముందో చూద్దామని ఒక బస్తా మూతి విప్పింది. బూడిద రంగు పీచు. పీచు నిండా ఎండుటాకు నలుసులు. ఒక చచ్చిన పురుగు. గుప్పెట్లోకి తీసుకుంటే ముక్కులోకి దుమ్ము. ఆమె మూతి కట్టేసి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ విప్పింది. పక్క తొట్టి ఆమె చూసి, “ఏంటత్తా, పిల్లి పిల్లల చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నావ్?” అంది.

“రేపు ఆసుపత్రి నుంచి మనిషి వస్తాడు,” అంది సోడా అత్త.

“వస్తాడు.”

“శుభ్రం గురించి చూడ్డానికి వస్తాడు.”

“అవును.”

“వచ్చినవాడికి మనం చూపించేది ఇదా?”

ఇంక ఆమెని ఎవరు ఆపగలరు? ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పెరట్లోకి మురికిగా వచ్చిన వస్తువు ఏదీ మురికిగా తిరిగి వెళ్లలేదు. యజమాని తండ్రి పెంచిన కుక్క కూడా. సోడా అత్త పెద్ద కాగు పొయ్యి మీద పెట్టింది. ఆకులు, పెంకులు చేత్తో ఏరింది. సోడా గుప్పెడు కాదు, నాలుగు గుప్పెళ్లు వేసింది. సబ్బు తురిమి వేసింది. ఒక ఉడుకు ఉడికించి, నీళ్లు వంపితే కషాయంలా నల్లగా దిగాయి. అది చూసి ఆమెకి ఉత్సాహం వచ్చింది. రెండో ఉడుకు వేసింది. మూడుసార్లు జాడించింది, వీధి చివర నుంచి బకెట్లతో మోయించి తెప్పించిన బోరు నీళ్లలో. పొద్దు వాలే వేళకి పెరట్లో తీగల మీదా గోడ మీదా చాపల మీదా ఎక్కడ చూసినా తెల్లటి పత్తి ఆరుతోంది. మిగతా ఆడవాళ్లు ఇళ్లకి వెళ్తూ వెళ్తూ ఆగి చూశారు. రెండు బస్తాల్లో ఒక్క పీచు కూడా ఆమె వదల్లేదు. ఆమె పని ఎప్పుడూ అంతే, మిగిల్చే మనిషి కాదు.

శుక్రవారం స్టోర్‌కీపర్ గంట ముందే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో కాగితాల అట్ట పెట్టుకుని, నిలబడ్డ చోట ఏదీ తనకి తగలకుండా నిలబడే మనిషి. మేస్త్రి ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చాడు. మోచేతుల దాకా కడిగాడు, ఆ పైన వదిలేశాడు. యజమాని తన గదిలోంచి తిరిగే కుర్చీ తెప్పించి స్టోర్‌కీపర్‌కి వేయించాడు. అతను కూర్చోగానే అది తిరిగింది. లేచి నిలబడ్డాడు.

“నీ మేనకోడలు రాలేదే,” అన్నాడు యజమాని అత్తతో.

“రాకపోతేనేం. వేసేది పత్తే కదా,” అంది సోడా అత్త.

వలసంచులు పన్నెండు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటి దిండులా. స్టోర్‌కీపర్ ఒకదాన్ని వేలితో నొక్కి, వేలు చూసుకుని, “శుభ్రంగా ఉంది,” అన్నాడు. సోడా అత్త ఛాతీ కాస్త పొంగింది. ఆ మాట కోసమే కదా నిన్నంతా నడుం విరగ్గొట్టుకుంది.

మొదటి సంచిని నూనె పొర మీద మెల్లగా వదిలింది. అది తేలింది. అందరూ ముందుకి వంగారు. తర్వాత సంచి గుటక వేసినట్టు ఒక బుడగ వదిలింది. ఇంకోటి వదిలింది. ఆ తర్వాత బుడగలే బుడగలు. తెల్లటి దిండు నిదానంగా, మర్యాదగా, సిమెంటు తొట్టి అడుగుకి దిగి కూర్చుంది. పైన నెమలి రంగులు మళ్లీ కలిసిపోయాయి.

“మునిగింది కదా,” అన్నాడు స్టోర్‌కీపర్.

“మొదటిది. మొదటిది ఒక్కోసారి మునుగుతుంది,” అంది సోడా అత్త. అలా ఎందుకందో ఆమెకే తెలీదు.

రెండోది మునిగింది. మూడోది ఇంకా త్వరగా మునిగింది. ఏడోదానికి మేస్త్రి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఎనిమిదోదానికి ఆపుకోలేక నవ్వాడు. “అత్తా, నూనె తీస్తానని చెప్పి తొట్టికి పరుపు వేస్తున్నావేంటి?”

పన్నెండూ అడుగున పడుకున్నాయి. యజమాని గొంతు తగ్గించి, “అత్తా, చాలు. మడతల గదిలో కుర్చీ తుడిపించాను,” అన్నాడు. అతను తిట్టినా బాగుండేది. సోడా అత్తకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బకెట్టు అంచు పట్టుకుంది, వదిలేసింది. మంగళవారం తేలిన ముద్ద శుక్రవారం ఎందుకు మునిగింది? నీళ్లు అవే, నూనె అదే, పత్తి అదే, పైగా శుభ్రమైన పత్తి. కుర్చీ తుడిపించాడంటే నిజంగానే తుడిపించి ఉంటాడు. దాని కాళ్ల కింద చెమ్మ కూడా ఆరిపోయి ఉంటుంది.

అప్పుడు మిల్లులో భోజనం బెల్లు మోగింది. కాసేపటికి మేనకోడలు డబ్బా ఊపుకుంటూ వచ్చి, అందరి ముఖాలూ చూసి, తొట్టిలోకి తొంగి చూసింది.

“అవేంటి అడుగున?”

“నీ పత్తి,” అంది సోడా అత్త.

“నా పత్తి బూడిద రంగులో కదా ఉంది.”

“ఉండేది.”

“ఉండేదంటే?”

“ఉతికాను.”

మేనకోడలు డబ్బా కింద పెట్టింది. “ఎలా ఉతికావు?”

“మామూలుగానే. సబ్బూ సోడా వేసి రెండు ఉడుకులు. మూడు జాడింపులు.”

“ఎందుకత్తా?”

“మురికిగా ఉంది.”

అంతకంటే కారణం ఏం కావాలో సోడా అత్తకి నిజంగా అర్థం కాలేదు. మేనకోడలు నుదురు పట్టుకుని గోడకి ఆనుకుంది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండిటికీ మధ్య ఏదో చప్పుడు చేసింది.

“అత్తా, పచ్చి పత్తి పీచు మీద సన్నగా మైనం ఉంటుంది. మొక్కే పూసి పంపిస్తుంది. మా మిల్లు పెరట్లో పత్తి వానలో తడిస్తే పైపైనే తడుస్తుంది, లోపల పొడిగా ఉంటుంది. ఆ మైనం నీళ్లని దగ్గరికి రానివ్వదు. నూనె కనపడితే మాత్రం వదిలిపెట్టదు. నువ్వు దాన్ని సోడాలో ఉడకేసి మైనమంతా లాగేశావు. ఇప్పుడది నీళ్లే తాగుతుంది.”

“అంటే ఆ జిడ్డు ఉండాలా?”

“ఆ జిడ్డుతోనే పని.”

“జిడ్డు వదిలించినందుకే నాకు ముప్పై ఒక్క ఏళ్లుగా జీతమిస్తున్నారు,” అంది సోడా అత్త. “ఉంచమని చెప్పినవాడు ఒక్కడు లేడు.”

“ముట్టుకోకని చెప్పానా లేదా?”

“ముట్టుకోకన్నావు. ఉతకొద్దన్నావా?”

స్టోర్‌కీపర్ గడియారం చూసుకున్నాడు. “నాకింకో అరగంట ఉంది. తర్వాత నేను రాసేది రాసుకుని వెళతాను.”

మేనకోడలు తన తలగుడ్డ విప్పి తొట్టి మీద దులిపింది. స్టోర్‌కీపర్ ఆరుసార్లు తుమ్మాడు. నీళ్ల మీద పడ్డ పీచు తేలి, నల్లబడి, చాటంత మేర శుభ్రం చేసింది. “చూశారా సార్? ఇది ఉతకనిది,” అంది. చాటంత శుభ్రంతో గది అంత తొట్టి ఏం బాగుపడుతుంది? “బస్తాలు కావాలి,” అనబోయింది మేనకోడలు.

ఆమె ఆ మాట పూర్తిచేసే లోపల సోడా అత్త పెరట్లో లేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఎదురుగా ఉన్న మిల్లులో ఆమె ఒక్కసారి కూడా కాలుపెట్టలేదు, దుమ్మని. ఇప్పుడు ఖాళీ బస్తాలతో రోడ్డు దాటి, గేటు దగ్గర ఎవరు నువ్వని అడిగినవాడికి జవాబు చెప్పకుండా, వెనక కుప్ప దాకా వెళ్లింది. కుప్ప ఆమెకి రెండింతల ఎత్తుంది. ఏరలేదు, దులపలేదు, కళ్లు మూసుకుని రెండు చేతులూ భుజాల దాకా దూర్చి బస్తాలో కుక్కింది. పైనున్నదంతా ఆమె మీదికి జారింది. ఒక బస్తా నెత్తిన, ఒకటి చంకలో. లాండ్రీ గుమ్మంలోకి వచ్చిన ఆకారాన్ని చూసి యజమాని, “ఎవరు కావాలమ్మా?” అన్నాడు.

“తప్పుకో,” అంది ఆ ఆకారం.

మిగతా ఎనిమిది మంది ఆడవాళ్లూ అప్పటికే మునిగిన సంచులు కర్రలతో పైకి లాగి ఖాళీ చేస్తున్నారు. బూడిద రంగు పీచు వాటిలో కూరారు, ఆకులతో సహా, పురుగులతో సహా. సోడా అత్త చెయ్యి ఒకసారి ఒక పెంకు మీదికి వెళ్లింది. మేనకోడలు చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

సంచులు తేలాయి. పన్నెండూ తేలాయి. కర్రతో వాటిని ఒక గోడ నుంచి ఇంకో గోడకి తోసుకుంటూ వెళితే వెనక దారి తీసినట్టు శుభ్రమైన నీళ్లు. రెండోసారి తోసేసరికి సంచులు నల్లటి పందుల్లా బరువుగా ఊగుతున్నాయి, నెమలి రంగులు మూలల్లో తప్ప లేవు. మూడోసారికి మూలల్లోనూ లేవు. స్టోర్‌కీపర్ ఎవరి మాటా నమ్మలేదు. తన జేబు రుమాలే తీసి, తొట్టిలో తనే ముంచి, తనే పిండి, ఇస్త్రీ బల్ల దగ్గర తనే నిలబడి చేయించాడు. వేడి తగిలి రుమాలు ఆవిరి చిమ్మింది. రుమాలు ఎండింది. ఇంకోవైపు తిప్పించాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టుకున్నాడు.

“లేదు,” అన్నాడు. ఆ మనిషి అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ ఇచ్చి ఉండడు.

సోడా అత్త అప్పుడు పెరట్లో సంచులు పిండుతోంది. తడి దుప్పటిని ఒక్క మెలికలో ఆరబెట్టే మణికట్లు అవి. సంచి రెండు చివరలూ పట్టుకుని మెలిపెడితే నల్లటి నూనె చిక్కటి తాడులా బకెట్టులోకి దిగింది. నాలుగో సంచికి బకెట్టు సగమైంది. పిండిన పీచు మళ్లీ విచ్చుకుంది, ఇంకోసారికి సిద్ధమన్నట్టు.

మేస్త్రి నవ్వడం మానేసి చాలాసేపయింది. బకెట్టు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఎడమ చేతి వేలు ముంచాడు. బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు. ముఖం విప్పారింది.

“ఇది గేరు నూనె. మాదే ఇది. వడగట్టుకుంటే గొలుసులకీ తలుపు బందులకీ భేషుగ్గా పనికొస్తుంది. ఏడాది నుంచి చూస్తున్నా, పీపాలోంచి తీసి, లారీ కింద దిగే గుంట పక్కన పెట్టింది పెట్టగానే తగ్గిపోతోంది. ఎవడు ఎత్తుకుపోతున్నాడా అని మా వాళ్లందర్నీ తిట్టాను.”

సోడా అత్త మెలిపెడుతున్న సంచిని సగంలో ఆపింది.

“ఎవరిదన్నావు?” అంది సోడా అత్త.

మేస్త్రి వేలు వెనక్కి దాచుకున్నాడు. “అంటే, చూడ్డానికి మాదానిలా ఉంది.”

“చూడ్డమొక్కటేనా, వాసన కూడా చూశావు.”

“నాలుగు షెడ్లున్నాయి కదా అత్తా.”

“అయితే ఈ బకెట్టు తీసుకెళ్లి ఆ మూడింటివాళ్లకి పంచేస్తాను.”

మేస్త్రి చెయ్యి బకెట్టు చెవిని పట్టుకుంది. ఆ చెయ్యి అబద్ధం ఆడలేకపోయింది. “వాళ్లకెందుకు. వాళ్లకి ఈ రకం నూనె వాడే బళ్లే రావు,” అన్నాడు. అంటూనే తన నోటిని తనే తిట్టుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

స్టోర్‌కీపర్ అట్ట తెరిచాడు. అతను కాలువ పరిశీలించడానికి రాలేదు, దుప్పట్ల కోసం వచ్చాడు. అయినా పరిశీలించింది అతనే. అర్జీలు మూడూ ఆఫీసులో ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి. అతను రాస్తూ పైకి చదివాడు. మరక ఉతికినవాళ్ల లోపం కాదు. నాలుగో షెడ్డు నుంచి వచ్చిన నూనె వల్ల. షెడ్డు మురుగు కాలువలో కలిసే చోట పత్తి సంచులు అడ్డంగా కట్టాలి. కట్టడం షెడ్డు పని.

“పిండడం?” అన్నాడు యజమాని.

“పిండడం నాది,” అంది సోడా అత్త. “వాళ్ల చేతికిస్తే సగం నూనె సంచిలోనే వదిలేస్తారు. రోజూ పొద్దున్నే నేను వెళ్లి పిండి వస్తాను. నూనె వాళ్లది, సంచి మనది. తిరిగొచ్చి మొదటి తొట్టి దగ్గర ఉంటాను. నీ కుర్చీ నువ్వే కూర్చో బాబూ, దాని మీద నేను తిరగలేను.”

“ఆ కుర్చీ కాదత్తా నేనన్నది, మడతల గదిలో...”

“ఏదైనా కుర్చీయే.”

తొమ్మిది మంది ఆడవాళ్లు, ఒక స్టోర్‌కీపర్, ఒక ముద్దాయి చూస్తుండగా యజమాని ఏమంటాడు?

“ఇంకో ముక్క రాయండి సార్,” అంది మేనకోడలు. “ఆ పత్తి ఎవరూ ఉతకరాదు అని.”

స్టోర్‌కీపర్ అత్త వంక చూశాడు. సోడా అత్త పీచు అంటుకున్న కనుబొమలు ఎత్తి ఎటో చూసింది. అతను రాశాడు. రాసి కింద గీత కూడా గీశాడు.

సంతకానికి కాగితం మేస్త్రి వైపు జరిపాడు. మేస్త్రి కలం పట్టుకుని, బకెట్టు వంక ఒకసారి చూసి, సంతకం చేశాడు. కాగితం కదలకుండా ఎడమ చేత్తో పట్టుకున్నాడు కదా, అంచున బొటనవేలు గుర్తు పడింది. నల్లగా, గుండ్రంగా, గీతలతో సహా.

స్టోర్‌కీపర్ ముఖం చిట్లించి జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు, తుడవడానికి.

సోడా అత్త అతని చెయ్యి పట్టుకుంది. “రుద్దకండి సార్. రుద్దితే పాకుతుంది.”

“మరి పోయేదెలా?”

“పోనక్కర్లేదు,” అంది ఆమె. “అది ఉండాల్సిందే.”